గుండం గట్టున కార్తీకం

హెలెన్ మా వెర్రిబీ ఇంటికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే గుమ్మం బయట బూట్లు విప్పడం మొదలుపెట్టింది. డెబ్బై దాటిన మనిషి, చేతిలో కర్ర, మోకాలికి పట్టీ. గోడకు చెయ్యి ఆనించి ఒక్కో తాడూ లాగుతుంటే నేను సాయం చేద్దామని వంగాను. వద్దంది. "ఆంటీ ఉంటే బూట్లతో లోపలికి రానిచ్చేదా?" అంది. మా అత్తయ్యగారు పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. ఆ సంగతి మావారు క్రిస్మస్ కార్డులో రాస్తే, జీలాంగ్‌లో మేనకోడలి ఇంటికి వచ్చిన హెలెన్ అక్కణ్ణించి పనిగట్టుకుని మా ఇంటికి వచ్చింది. దేవుడి గది గడప దగ్గర ఆగిపోయి, లోపలికి అడుగు పెట్టకుండా, అత్తయ్యగారి ఫొటో వంక చాలాసేపు చూసింది. తరువాత టీ తాగింది, నేను చేసిన రవ్వలడ్డూ సగం తిని సగం రుమాల్లో కట్టుకుంది. ఆవిడ వెళ్ళిపోయాక కప్పులు కడుగుతూ చాలాసేపు కుళాయి కట్టడం మర్చిపోయి నిలబడ్డాను. ఒక ఎర్రరాతి గోడ, దాని కింద మేము అయిదుగురం, ముందు పొంగుతున్న నీళ్ళు: అవి కళ్ళ ముందు నుంచి కదల్లేదు.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాను. నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. గోదావరి లంకల దగ్గర మా తాతగారింట్లో, పడమటి వైపు గదిలో పెరిగాను. గదిలో ఎప్పుడూ కర్పూరం, తులసి కషాయం, తాతగారి ముక్కుపొడుం కలిసిన వాసన. అక్షరాలు, లెక్కలు, పంచాంగం చూడటం, స్తోత్రాలు, పురాణాలు అన్నీ ఆ గదిలోనే ఆయన చెప్పారు. చదువు చెప్పేటప్పుడు కళ్ళు మూసుకునేవారు. తప్పు చదివితే మాత్రం ఒక కన్ను తెరిచేవారు. వాన వచ్చే సూచన కనబడితే చాలు, అమ్మమ్మ వచ్చి కిటికీ తలుపులు బిగించేది. వీధిలో పిల్లల కేకలు వినబడేవి, చూరు నీళ్ళు కింద పడుతున్న చప్పుడు వినబడేది. వాన అంటే నాకు చప్పుడూ, తలుపు సందులోంచి వచ్చే మట్టివాసనా. పెళ్ళయ్యేదాకా ఒక్క చినుకు నా నెత్తిన పడిన గుర్తు లేదు. అయినా ఆ గది మీద నాకు కోపం లేదు. అందులో లేకపోతే తాతగారి నోటి మాట అంతంత వినేదాన్నా? భగవంతుడు ఒక తలుపు మూసినప్పుడు లోపల ఎవరిని కూర్చోబెట్టాడో కూడా చూసుకోవాలి కదా.

ఇరవై నిండీ నిండకుండా పెళ్ళయింది. మావారు రామం ఈ దేశపు ఉత్తర ప్రాంతంలో, క్యాథరిన్ అనే ఊళ్ళో, ఆసుపత్రి ల్యాబులో పనిచేసేవారు. నేనూ అత్తయ్యగారూ ఒకే విమానంలో వచ్చాము. ఇల్లు స్తంభాల మీద లేచి ఉండేది, కిటికీలకు అద్దపు రెక్కలు. వానలకు ముందు నెలల్లో అక్కడి ఉక్క చెప్పనలవి కాదు. ఆకాశం రోజూ నల్లబడుతుంది, ఉరుముతుంది, ఒక్క బొట్టు రాల్చకుండా వెళ్ళిపోతుంది. ఫ్యాను గాలి కూడా ఒంటికి అంటుకునేది. అత్తయ్యగారు చీకటితో లేచి, తడిబట్ట కట్టుకుని, పొయ్యి పసుపునీళ్ళతో తుడిచి వంట మొదలుపెట్టేవారు. ఆవిడ మడి విడిచేదాకా నేను వంటింటి గడప ఇవతలే ఉండాలి. "అమ్మాయ్, ఆ డబ్బా అందుకో" అంటే, కర్రతో ముందుకు తోసేదాన్ని. కారు నడపడం రాదు, ఇంగ్లీషు చదవడం వచ్చుగానీ నోరు పెగలదు. మావారు డ్యూటీకి వెళ్ళాక కిటికీ రెక్కల్లోంచి ఎదురింటి మామిడిచెట్టూ, దాని మీద వేళ్ళాడే గబ్బిలాలూ చూస్తూ కూర్చునేదాన్ని. సముద్రాలు దాటి వచ్చి మళ్ళీ ఒక గదిలోనే కూర్చున్నానే అనిపించేది. అత్తయ్యగారు చెడ్డమనిషి కారు. ఆవిడ నన్ను కసరలేదు, లాలించనూ లేదు. ఇంట్లోకి వచ్చిన కొత్త సామాను ఎక్కడ పెడితే బాగుంటుందా అని చూసినట్టు చూసేవారు.

ఆవిడకు ఒక మొక్కు ఉంది. కార్తీకమాసం అంతా పొద్దున్నే పారే నీళ్ళలో స్నానం చెయ్యాలి, బతికున్నంత కాలం. మావారు మూడేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి, కళ్ళు తేలేసి, మూసిన దవడ తెరవకుండా పడి ఉంటే, గోదావరి రేవులో నిలబడి మొక్కుకున్నారట. ఆ తరువాత ఏ ఏడూ తప్పలేదు. క్యాథరిన్‌లో మా ఇంటికి దగ్గరగా నది ఉంది, కానీ రేవు దగ్గర నోరు తెరిచిన మొసలి బొమ్మతో బోర్డు పాతి ఉంది. అందుకని ఊరి చివర వేడినీటి ఊట దగ్గరికి మావారు తెల్లవారకుండా కారులో తీసుకెళ్ళేవారు. నీళ్ళు గోరువెచ్చగా, పారుతూ ఉంటాయి కనుక ఆవిడకు సమ్మతమే. నేను గట్టున తువ్వాలు పట్టుకుని నిలబడేదాన్ని. కార్తీకం మొదలైన వారానికి చలపతి అన్నయ్యగారు వచ్చారు.

చలపతి అన్నయ్యగారు మావారికి చిన్నప్పటి స్నేహితులు, పెర్త్‌లో ఉండేవారు. ఇప్పుడూ అక్కడే, పియారా వాటర్స్‌లో ఇల్లు కట్టుకున్నారు. వచ్చీరావడంతోనే నది మీద పడవ ప్రయాణం మాట ఎత్తారు. వానలు పడేలోపు ఆ ఏడాదికి అదే ఆఖరు ప్రయాణమట. కనూలు అంటారు, మన దోనెల్లాగే సన్నగా పొడుగ్గా ఉంటాయి. దారి చూపించే మనిషి ఒకరుంటారు, రాత్రుళ్ళు గట్టున పడక. "వైల్డర్‌నెస్ పిన్నీ, ఒక్క మనిషి కనబడడు. ఫోన్ లేదు, టీవీ లేదు, టోటల్ పీస్" అన్నారాయన. అత్తయ్యగారు ఒప్పుకోరనుకున్నాను. "పగలూ రాత్రీ నది మీదేనా?" అని అడిగారు. అవునన్నారు. "అయితే స్నానానికి లోటేముంది? పదండి" అన్నారు. ఆవిడ ఒప్పుకున్నందుకు నేను ఆ రాత్రి దేవుడికి రెండు వత్తులు ఎక్కువ వేశాను. గోడలు లేని చోటికి వెళ్తున్నానని నా సంబరం.

హెలెన్‌ను మొదట చూసింది ఆ నది గట్టునే. ఎండకు కాలిన ముఖం, పెద్ద చేతులు, నడుముకు కత్తి. చలపతి అన్నయ్యగారు "షీ ఈజ్ ఆంటీ" అని పరిచయం చేస్తే, అత్తయ్యగారి పేరే ఆంటీ అనుకుని అలాగే ఖాయం చేసుకుంది. పడవ ఎక్కించే ముందు మమ్మల్ని వరసగా నిలబెట్టి నియమాలు చెప్పింది. నీళ్ళలో తిండి పడెయ్యొద్దు. పొద్దుగుంకాక నీళ్ళ అంచుకు వెళ్ళొద్దు. అన్నిటికన్నా పెద్దది, నీళ్ళ దగ్గరికి ఒకే చోటికి, ఒకే వేళకు, రెండోసారి వెళ్ళొద్దు. ఎందుకని మావారు అడిగారు. "మొసలికి ఓపిక ఎక్కువ. ఒకసారి చూస్తుంది, రెండోసారి గుర్తుపెట్టుకుంటుంది, మూడోసారికి వచ్చి కూర్చుంటుంది" అంది. మావారు తెలుగులో చెబితే అత్తయ్యగారు నా వంక తిరిగి, "రోజూ ఒకే రేవులో ఒకే వేళకి మునగమని పెద్దలు చెబితే, ఈవిడేమిటే ఇలా అంటుంది?" అన్నారు. అది ఎగతాళి కాదు. నిజంగా బోధపడక అడిగారు.

ఇరువైపులా ఎర్రని రాతిగోడలు, మధ్యలో కదిలీ కదలని ఆకుపచ్చ నీళ్ళు. సామానుతో హెలెన్ ఒక పడవలో, తల్లీకొడుకులు ఒక దాంట్లో, నేనూ అన్నయ్యగారూ ఒక దాంట్లో. గట్టు పొడవునా మొగలిపొదలు. "శివుడికి పనికిరాని పువ్వే దొరికిందిరా ఈ దేశంలో" అని అత్తయ్యగారు పడవలోంచి అన్నారు. తెడ్డు వెయ్యడం నాకు రెండో పూటకే వచ్చేసింది. అన్నయ్యగారికి చివరిదాకా రాలేదు. "చెల్లెమ్మా, నువ్వు కుడివైపు కొట్టు, నేను ఎడమవైపు ప్రార్థిస్తా" అనేవారు. ఆ నవ్వులో ఊపిరి ఆడకపోవడం అనే సంగతి మర్చిపోయాను. మధ్యాహ్నానికి గోడలు ఇంకా దగ్గరకు జరిగాయి, తల ఎత్తితే ఆకాశం ఒక చీర అంచులా కనబడింది. ఇంత దూరం వచ్చినా మళ్ళీ గోడలే అని మనసులో ఒక్కసారి ముల్లు గుచ్చుకుంది.

పెద్ద బండ ఒకటి ముందుకు పొడుచుకొచ్చిన చోట, దాని కింద మా బస. అక్కడి నుంచి చుట్టుపక్కల లోయలు చూస్తూ కొన్నాళ్ళు ఉండటం ప్రయాణంలో భాగం. కింద రాతిలో తొలిచినట్టు ఒక గుండం ఉంది. పై నుంచి సన్నటి ధార అందులోకి పడి, ఇవతల రాతి గట్టు మీదుగా జారి నదిలో కలుస్తుంది. నదికీ గుండానికీ మధ్య మనిషి నడుమెత్తు గట్టు. స్నానం లేనిదే ఆంటీ అన్నం ముట్టదని తెలిసి హెలెన్ ఒక పూటంతా గుండాన్ని కర్రతో కలియబెట్టి చూసింది. "ఇందులోకి నదిలోంచి ఏదీ రావడానికి వీల్లేదు. ఇక్కడ మాత్రం చేసుకోనివ్వండి" అంది. ఆ రోజు నుంచి అత్తయ్యగారు చీకటితో లేచి, గుండంలో మూడు మునకలు వేసి, కాగితంలా ఊడివచ్చే చెట్టుబెరడు మీద నేతివత్తి పెట్టి వదిలేవారు. దీపం ఆ గట్టు దాకా తేలి, జారుతున్న నీళ్ళతో నదిలోకి దూకేది. నేను తువ్వాలుతో పక్కన నిలబడేదాన్ని. ఆ నాలుగు గోడల చల్లని చీకట్లో, ధార చప్పుడులో, ఆవిడ సంకల్పం చెప్పుకుంటుంటే నిజంగా కైలాసంలో ఉన్నట్టే ఉండేది. రోజూ అదే చోటు, అదే వేళ. గుండం కదా అని హెలెన్ ఊరుకుంది.

అప్పుడు ఎగువన వాన కురిసింది. మా మీద చినుకు పడలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ నది రంగు మారింది, ఆకుపచ్చ కాస్తా పాలు పోసిన టీలా అయింది. హెలెన్ అన్నం గిన్నె కింద పెట్టి లేచింది. సాయంత్రానికి కొమ్మలు, దుంగలు కొట్టుకొస్తున్నాయి. దిగువన మేము దాటాల్సిన రాళ్ళ మధ్య నీళ్ళు తెల్లగా లేచి కొట్టుకుంటున్నాయి. ఎగువకు ఆ ఉరవడికి ఎదురు వెళ్ళలేము, వెనక నిలువు గోడ. పడవలు మోసుకొచ్చి బండ కిందకు చేర్చాము. హెలెన్ దగ్గర ఉపగ్రహం ఫోను ఉంది. మబ్బు విడిస్తే హెలికాప్టర్ వస్తుందన్నారట. ఎప్పుడు విడుస్తుందో వాళ్ళూ చెప్పలేదు. "తిండి ఉంది, ఎత్తులో ఉన్నాం, కంగారు లేదు. కూర్చోవడమే మన పని" అంది. "నాకు అది బాగా వచ్చు" అన్నాను మావారితో. ఆయన నవ్వలేదు.

మర్నాడు చీకటితో అత్తయ్యగారు లేచారు, వెనకే నేను. గుండం దగ్గర హెలెన్ అప్పటికే కూర్చుని ఉంది. చెయ్యి అడ్డం పెట్టి, రెండో చేత్తో టార్చి వేసింది. గట్టు కనబడలేదు. నది దాన్ని దాటి గుండంలోకి వచ్చేసింది. గుండం చివర, అత్తయ్యగారు రోజూ దీపం వదిలే చోట, నీటి మీద రెండు ఎర్రటి చుక్కలు పక్కపక్కన వెలిగాయి. టార్చి తిప్పితే ఆరిపోయాయి, మళ్ళీ వేస్తే వెలిగాయి. నా చేతిలో తువ్వాలు జారిపోయింది. మావారూ, అన్నయ్యగారూ లేచి వచ్చారు. "సాల్టీ, ఉప్పునీటి మొసలి. పెద్దది. వరద పోటులో పైకి వచ్చి ఉంటుంది. సరిగ్గా ఈ వేళకే ఇక్కడికి వచ్చింది చూడండి" అంది హెలెన్. తరువాత అత్తయ్యగారి వైపు తిరిగి మెల్లగా, "ఆంటీ, నిన్నటి దాకా ఇది గుండం. ఇవాళ ఇది నది" అంది. మావారు తెలుగులో చెప్పారు.

"నది అయితే ఇంకా మంచిదేగా" అన్నారు అత్తయ్యగారు.

ముందుగా అన్నయ్యగారే తేరుకున్నారు. "పిన్నీ, నా వాచీ ఇంకా పెర్త్ టైమ్‌లోనే ఉంది. నా లెక్కన బోలెడు టైమ్. ఇండియా టైమ్ అయితే అసలు అర్ధరాత్రి, హాయిగా పడుకోండి."

"సూర్యుడు నీ వాచీ చూసుకుని పొడుస్తాడట్రా?"

"బకెట్‌తో తోడిస్తాం. పై బండ మీంచి తాడేసి తోడొచ్చు, సేఫ్."

"బకెట్‌లో నీళ్ళు పారతాయా?"

మావారు తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. "అమ్మా, నీ మొక్కు నా కోసమేగా. నేనే చెబుతున్నా, వద్దు."

"మొక్కింది నేనురా. వద్దనడానికి ఇందులో నీదేం లేదు. మధ్యాహ్నం దాకా గడువుంది. చూద్దాం" అని ఆవిడ బండ కింద గోడకు ఆనుకుని కూర్చున్నారు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఆ పొద్దు ఎంత మెల్లగా గడిచిందో. ఆకాశం బొగ్గులా ఉంది, సూర్యుడెక్కడున్నాడో తెలియడం లేదు, గాలి లేదు. నీటి చప్పుడులో మాట వినబడాలంటే దగ్గరికి జరగాలి. మొసలి వెళ్ళిపోలేదు. ఒకసారి దుంగలా తేలింది, ఒకసారి మునిగిపోయింది. మునిగినప్పుడే భయం ఎక్కువ. మాకు వెనక్కి జరగడానికి చోటు లేదు. నాకు గుండెల్లో పిల్లి గురగుర మొదలైంది. ఆ చప్పుడు నా చిన్నతనం నుంచి నాతో ఉన్నదే, దానికి నేను భయపడను, కానీ ఊపిరి అందని చోట ఇంకొకరి మొండితనం కూడా తోడైతే మనిషి ఎటు చూస్తుంది? మనసులో శివనామం అనుకుంటూ అత్తయ్యగారి పక్కన కూర్చున్నాను. తాతగారు చెప్పిన స్నానాల రకాలు గుర్తొచ్చాయి. విభూతితో చేసేది, మట్టితో చేసేది, మంత్రంతో చేసేది, మనసుతో చేసేది.

"అత్తయ్యా, ఎండ కాస్తుండగా పడే వానలో తడిస్తే దివ్యస్నానం అంటారు కదా. గంగలో మునిగినంత అని మా తాతగారు చెప్పేవారు. అవీ పై నుంచి పారే నీళ్ళేగా?"

"తెలుసు. మీ తాతగారొక్కరే చదువుకున్నారా?" అన్నారు, కళ్ళు తెరవకుండానే. "వాన నువ్వు తెస్తావా, ఎండ నువ్వు తెస్తావా?"

కొంతసేపటికి మావారూ హెలెనూ ఫోనుకు సిగ్నలు కోసం గోడ పక్క ఇరుకుసందులో పాకగలిగినంత మేర పైకి వెళ్ళారు. నీళ్ళు ఇంకా పెరుగుతాయేమోనని అన్నయ్యగారు అవతల పడవలను ఇంకా పైకి లాగుతున్నారు. సరిగ్గా అప్పుడు అత్తయ్యగారు లేచారు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, గుండం వైపు నడిచారు. ఏ గాభరా లేదు, ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో చూడటానికి వెళ్ళినట్టు వెళ్తున్నారు. నాకు కేక వెయ్యడం రాలేదు. పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని లాగడం నాకు ఎవరూ నేర్పలేదు. వెనకే పరుగెత్తి ఆవిడ కొంగు పట్టుకున్నాను. నా కొంగు తీసి దానితో కలిపి ముడివేశాను, పెళ్ళిలో వేసినట్టు. రెండూ నేత చీరలు, చెమటకూ తేమకూ నానిపోయి ఉన్నాయి. బలంకొద్దీ ఇంకో ముడి వేసి లాగాను.

"ఏమిటే ఇది?"

"ముడి, అత్తయ్యా."

"విప్పు."

"రాదు. బిగిసిపోయింది."

ఆవిడ గోళ్ళతో ప్రయత్నించారు. నిజంగానే రాలేదు. నీళ్ళు మా పాదాలకు పదడుగుల్లో ఉన్నాయి. గుండంలో నీరు ఒకచోట సుడి తిరిగినట్టు కదిలింది, ఏమీ పైకి రాలేదు. నా ఊపిరి చప్పుడు నాకే గట్టిగా వినబడుతోంది.

"దిగితే ఇద్దరం దిగాలి. నాకు ఈత రాదు" అన్నాను.

"నీకు బుద్ధి కూడా లేదు" అన్నారు ఆవిడ. కానీ అడుగు ముందుకు పడలేదు. నన్ను కూడా లాక్కుంటూ వెనక్కి వచ్చి, బండ కిందకు చేరకుండా, మధ్య దారిలో రాతి మీద కూలబడ్డారు. ముడి మధ్యలో ఉంది కనుక నేనూ అక్కడే. తరువాత నది వంక చూస్తూ, నాతో కాదన్నట్టుగా, "వీడికి ముందు ఇద్దరు పోయారే" అన్నారు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. మావారికి తెలుసో లేదో ఇప్పటికీ నేను అడగలేదు. "ఇద్దరూ జ్వరంతోనే. మూడోవాడికీ అదే వస్తే రేవుకు పరుగెత్తాను. ఏ దేవుడికి మొక్కానో కూడా తెలియదు. నీళ్ళకే మొక్కాను. వాడు లేచి పాలు అడిగాడు. ఇవాళ మానేస్తే? మానేసినందుకేమీ కాదని నువ్వు రాసిస్తావా?" ఆవిడ చెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. మడి మాట ఆ పూట ఇద్దరికీ గుర్తు రాలేదు.

అక్కడ వానలకు ముందు నెలల్లో ఎండా వానా కలిసి రావడం వింతేమీ కాదని తరువాత హెలెన్ చెప్పింది. కాదనను. ఎదుటి గోడ పై అంచు మొదట పసుపు పచ్చగా వెలిగింది. ఆ వెలుగు మెల్లగా గోడ దిగి నీళ్ళ మీదికి, అక్కణ్ణించి మా రాతి మీదికి వచ్చింది. నేను తల ఎత్తి చూసేసరికి వెలుగులోంచే చినుకులు, పెద్దపెద్దవి, వేడి రాతి మీద చిట్లుతున్నాయి. ఒళ్ళు ఝల్లుమంది. అలవాటుగా బండ కిందకు పరుగెత్తబోయాను, ముడి లాగింది. అత్తయ్యగారు లేచి నిలబడి ఉన్నారు, తూర్పో పడమరో తెలియని ఆ ఆకాశం వైపు ముఖం పెట్టి. జుట్టు ముడి విప్పేశారు. పెదవులు కదిలాయి. రోజూ తడుముకోకుండా చెప్పే సంకల్పం ఆవిడకు ఆ క్షణాన నోటికి రాలేదు.

"నువ్వు చెప్పు, అమ్మాయ్" అన్నారు.

నేను చెప్పాను. ఊరూ నదీ చెప్పే చోట ఏమని చెప్పాలో తెలియక, ఇక్కడ, ఈ నీళ్ళ దగ్గర, అని అన్నాను. ఊపిరి తెగుతూ తెగుతూ చెప్పాను. వాన మా ఇద్దరి మీదా కురిసింది. నా నెత్తి మీద నుంచి మెడ మీదికి, చేతుల మీదికి, రవికలోకి. వాన అంత బరువుగా ఉంటుందని నాకు తెలియదు. అంత వెచ్చగా ఉంటుందనీ తెలియదు. దగ్గు వస్తుందని ఎదురుచూశాను. వచ్చింది, కానీ ఆ వాన వెలిసాక, సాయంత్రం వచ్చింది. రాత్రంతా అత్తయ్యగారు నన్ను తన గుండెకు ఆనించి కూర్చోబెట్టి వీపు రాశారు. గడువు దాటాక వాన వచ్చిందో, దాటకముందే వచ్చిందో మాకు తెలియదు. ఎవరమూ గడియారం చూడలేదు. అందరికన్నా వాచీ పిచ్చి ఎక్కువైన చలపతి అన్నయ్యగారు ఆ వాచీ జేబులో పెట్టుకుని, పడవ తాడు చేతిలోనే ఉండగా, ఆ ఎండావానలో నిలబడిపోయి మమ్మల్ని చూస్తున్నారు. హెలెన్ పై నుంచి దిగి వచ్చి ముడి చూసి కత్తి తీసింది. అత్తయ్యగారు వద్దని చెయ్యి ఊపారు. సాయంత్రం దాకా పిన్నీసుతో ఒక్కో పోగూ లాగి ఆవిడే విప్పారు.

మర్నాడు మబ్బు విడిచింది, హెలికాప్టర్ వచ్చింది. పై నుంచి చూస్తే నది ఎంత సన్నగా ఉందో, మేము అన్ని యుగాలు కూర్చున్న బండ గోరంత కూడా లేదు. కార్తీకంలో మిగిలిన రోజులు వేడినీటి ఊట దగ్గరే గడిచాయి. ఆ ఏటి తరువాత మొక్కు సంగతి అత్తయ్యగారు పట్టింపుగా మాట్లాడటం మానేశారు. స్నానం మానలేదు. వెర్రిబీకి మారాక పెరట్లో గొట్టం పట్టుకుని నేను నీళ్ళు పోస్తే, పారుతున్నాయి కదా అనేవారు. సంకల్పం మాత్రం నన్నే చెప్పమనేవారు. వంటింటి గడప సంగతి కూడా ఎప్పుడు పోయిందో చెప్పలేను. ఒకనాడు చూసుకుంటే నేను ఇవతల కాక అవతల నిలబడి ఉన్నాను, అంతే.

ఇప్పుడు మా వెర్రిబీలో కార్తీకం అంటే వసంతం. గుడి వాట్సాప్ గ్రూపులో ముందే మెసేజి వస్తుంది, హాల్లో ప్లాస్టిక్ తొట్టి పెట్టి నీళ్ళు పోస్తారు, అందరం వరసలో నిలబడి దీపాలు వదులుతాం. వెనకవాళ్ళకు చోటివ్వాలి కనుక రెండు క్షణాల్లో జరగాలి. మా అమ్మాయి మేధ స్కూల్ క్యాంపులో కయాకింగ్ చేసివచ్చి, "ఇట్ వాజ్ సో చిల్, అమ్మా" అంది. నేను లోపల వణికిపోయింది దానికి తెలియదు. ఇప్పుడు నాకు కారు వచ్చు, ఇన్‌హేలరు బ్యాగులో ఉంటుంది, వాన వస్తే కిటికీ మూసేవాళ్ళు లేరు. ఏ గది తలుపు అయినా నేనే తీసుకుని బయటికి నడవగలను. ఇదంతా ఆ భగవంతుడు ఇచ్చిందే, రోజూ తలుచుకుంటాను. కానీ ఎటూ కదలడానికి వీల్లేని ఆ రాతి మీద, అంతకు ముందు నా వంక సరిగా చూడని మనిషి చెయ్యి నా ఒళ్ళో ఉన్నంతసేపూ, నాకు ఇంకెక్కడికీ వెళ్ళాలని లేదు. అలాంటి చోటు మళ్ళీ నాకు దొరకలేదు.

ఆవిడ మంచం పట్టడానికి ముందు ఒక మధ్యాహ్నం, ఇద్దరం కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తుంటే అడిగాను. ఆ రోజు వాన రాకపోతే ఏం చేసేవారు అత్తయ్యా, దిగేవారా అని. ఆవిడ చేతిలో ఉన్న కాయ ఈనె తీసి, గింజలు పళ్ళెంలో వేసి, తొక్క పక్కన పెట్టి, ఇంకో కాయ అందుకున్నారు.

"ఒక్కదాన్నే అయితే దిగేదాన్ని" అన్నారు.